వడపళనిలో మిచెల్ దొరగారి దర్శనం

మద్రాసు వెళ్ళొచ్చానని తెలిస్తే చాలు, మా మిత్రబృందం అడిగే ప్రశ్న ఒకటే: "ఎవర్ని చూశావ్?" ఈసారి నా జవాబు విని అందరి మొహాలూ వేలాడిపోయాయి. నేను చూసొచ్చింది ఏ తారనీ కాదు మరి. ఓ కెమెరాని! వయసులో మా తాతయ్య ఈడుది. నెత్తి మీద రెండు గుండ్రటి డబ్బాలు మిక్కీమౌస్ చెవుల్లా నిక్కబొడుచుకుని వుంటాయి. పాత సినిమా షూటింగుల ఫోటోల్లో దర్శకుడి పక్కన మీరు చూసే వుంటారు. దాని పేరు మిచెల్.

"దీనికోసం రిజర్వేషన్ చేయించుకుని మరీ వెళ్ళావా?" అని నవ్వారు. అవును, వెళ్ళాను. అసలు సంగతి వింటే మీరు నవ్వరనే నా నమ్మకం.

మా అమ్మానాన్నలకి మద్రాసంటే చుట్టాలూరు కాదు, పుణ్యక్షేత్రమూ కాదు. తాతయ్యని పంపేసిన వూరు. 1996లో దాని పేరు చెన్నై అయినా మా ఇంట్లో ఆ మాట ఇంకా అడుగు పెట్టలేదు. మా అమ్మ నాన్న, అంటే తాతయ్య, పందొమ్మిదో ఏట తెనాలి దగ్గర పల్లెటూరి నించి రైలెక్కి, 1961లో కోడంబాకంలో దిగాడు. హీరో అవుదామని కాదు. కెమెరా దగ్గర నిలబడితే చాలనుకున్నాడు. ఓ స్టూడియో కెమెరా డిపార్టుమెంటులో పెట్టెలు మోసే పని దొరికింది. ఏడేళ్ళు మోసి, అసిస్టెంటయ్యాడు. ఆ మరుసటి ఏడే ఇంటికొచ్చేశాడు. వచ్చి తెనాలిలో ఫోటో స్టూడియో పెట్టుకుని, పెళ్ళిళ్ళూ పాస్‌పోర్టు సైజులూ తీస్తూ 2019 దాకా బతికాడు.

ఎందుకొచ్చేశాడంటే, ఒక డబుల్ యాక్షన్ షాటు పాడయింది. దాని కథ తాతయ్య వందసార్లు చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీను. ఇద్దరూ ఒకే హీరో. రాత్రి దాకా కష్టపడి తీశారు. మర్నాడు ల్యాబ్ నించి ప్రింటొచ్చింది. థియేటర్లో వేసి చూస్తే ఎడం పక్క అన్నగారు ఆవేశంగా డైలాగు చెబుతున్నారు. ఆయన గుండెల్లోంచి ఓ లైట్‌బాయ్, భుజాన నిచ్చెనతో, దెయ్యంలాగా వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు!

ఇది చెప్పేటప్పుడు తాతయ్య గొడుగు భుజాన వేసుకుని వరండాలో వెనక్కి నడిచి చూపించేవాడు. మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. ఒకసారి గడప తట్టుకుని పడ్డాడు కూడా. మేం నవ్వినంతసేపూ నవ్వి, చివర్న ఒకే మాట అనేవాడు. "షట్టర్ నా చేతిలో లేదురా." అంతే. లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. మా ఇంటిల్లిపాదీ అర్థం చేసుకున్నదేమిటంటే, ఎవరో చేసిన తప్పుకి తాతయ్య బలయ్యాడని. అది నిజమో కాదో ఆ కెమెరానే అడుగుదామని బయల్దేరాను.

తెల్లవారుజామున సెంట్రల్ స్టేషన్లో దిగి మెట్రో ఎక్కితే, ఎగ్మూరు, కోయంబేడు మీదుగా తిన్నగా వడపళనిలో దింపేసింది. తాతయ్య రోజుల్లో పానగల్ పార్కు దగ్గర నించి కోడంబాకం రైల్వే గేటు పడితే అరగంట నిలబడేవారట. గేటు దగ్గర ఆగిన కార్లలో హీరోయిన్లని చూడ్డానికే జనం చేరేవారట. గేటు స్థానంలో వంతెన వచ్చి కూడా దశాబ్దాలు గడిచాయి.

ఆర్కాటు రోడ్డు మీద నడుస్తుంటే ఏవీయం వారి భూగోళం కనిపించింది. ప్రాణం లేచొచ్చింది! వాళ్ళు 2023లో పాత కార్లూ, సినిమా సామాగ్రితో స్టూడియోలోనే ఓ మ్యూజియం కూడా తెరిచారు. మరి విజయా-వాహినీ ఏది? ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియో అని చెప్పుకున్నది. 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' పుట్టిన నేల. ఒక వైపు ఆసుపత్రి, మరో వైపు 2013లో తెరిచిన షాపింగ్ మాల్. మాల్‌లో సినిమా హాళ్ళున్నాయి లెండి. సినిమా తీసిన చోట సినిమా చూస్తున్నారు, అంతవరకు నయం. లోపల చల్లగా వుంది కదాని ఓ కాఫీ తాగి, బిల్లు చూసి కళ్ళు తిరిగి, బయటపడ్డాను.

నాకు కావలసిన చోటు మురుగన్ గుడికి కాస్త అవతల, ఆటో కూడా మొహమాటపడే ఓ సందులో వుంది. పాత సినిమా సామాను అద్దెకిచ్చే గోడౌను. దాన్ని చూసుకునే పెద్దాయన కెమెరా మెకానిక్కు, డెబ్భై అయిదు దాటాయి. తమిళుడే గానీ, ఫ్లోర్లో నేర్చిన తెలుగు గడగడా మాట్లాడతాడు. ముందే ఫోన్ చేసి వున్నాను కాబట్టి, "తెనాలి తంబీవా? రా, దొరై లేచి కూర్చున్నాడు" అంటూ దుప్పటి తీశాడు.

దొరై అంటే దొరగారు. యూనిట్లో ఇద్దరు మోస్తే, ఒకరు తుడిస్తే, ఇంకొకరు గొడుగు పడితేగానీ కదలడు కనక ఆ పేరట.

చెప్పొద్దూ, మొదటి చూపుకే ఒళ్ళు జలదరించింది. నల్లటి ఇనప్పెట్టె. ముందు వైపు గుండ్రటి పలక మీద నాలుగు లెన్సులు. ఏది కావాలంటే అది తిప్పి పెట్టుకోవచ్చు. నెత్తిన చెవులున్నాయే, అవి ఫిలిం మాగజైన్. ఒక చెవిలోంచి వాడని ఫిలిం దిగుతుంది, రెండో చెవిలోకి వాడిన ఫిలిం చేరుతుంది. వెయ్యి అడుగులు పడుతుంది. వెయ్యి అడుగులంటే చాలా అనుకోకండి. సెకనుకి ఇరవైనాలుగు బొమ్మల చొప్పున నిమిషానికి తొంభై అడుగులు తినేస్తుంది. అంటే పదకొండు నిమిషాలు! మన కథానాయకులు ఫోన్లో ఇంటర్వ్యూ ఇచ్చేంత సేపు కూడా కాదు.

"అమెరికా సరుకు" అన్నాడు పెద్దాయన గర్వంగా. నిజమే. మిచెల్ కంపెనీ 1919లో పుట్టింది. ఈ ఎన్.సి. మోడల్ 1932లో వచ్చింది. అంటే సినిమాకి మాటలొచ్చాక. అంతకు ముందు కెమెరా ఎంత గోల చేసినా అడిగేవాడు లేడు. మాటలు రాగానే మైకులో హీరోయిన్ గొంతు కంటే కెమెరా గొంతే ముందు వినపడటం మొదలెట్టింది. దాంతో లోపలి మరలన్నీ మార్చి, నెమ్మదిగా నడిచేటట్టు దీన్ని తయారుచేశారు. 1934లో దీనికే శబ్దం బయటికి రాకుండా దళసరి కవచం తొడిగి బి.ఎన్.సి. అన్నారు. 'సిటిజన్ కేన్' సినిమాని గ్రెగ్ టోలండ్ తీసింది ఆ బి.ఎన్.సి.తోనే. 1975లో విడుదలైన 'బారీ లిండన్' కోసం స్టాన్లీ కుబ్రిక్ కొవ్వొత్తుల వెలుగులో సీన్లు తీయాలనుకున్నప్పుడు, నాసా కోసం తయారైన జైస్ లెన్సుని బిగించడానికి ఏరికోరి ఎంచుకుని కోయించింది కూడా పాత మిచెల్‌నే. దొరగారి వంశం సామాన్యమైంది కాదు!

పెద్దాయన పక్క తలుపు తెరిచాడు. లోపల గడియారం కడుపులో చూసినట్టుంది. పళ్ళచక్రాలు, మెరిసే ఇత్తడి, నూనె వాసన. కరెంటుతో పని మోటారు వరకే. మోటారుని విడిగా బిగిస్తారు. మిగతా అంతా ఉక్కు లెక్క. పాత ఫిలిం ముక్కొకటి ఎక్కించి చేత్తో మెల్లిగా తిప్పి చూపించాడు. ఓ కొక్కెం వచ్చి ఫిలిం అంచున వున్న రంధ్రాలు పట్టుకుని నాలుగు రంధ్రాలంత కిందికి లాగింది. వదిలేసింది. వెంటనే రెండు సన్నటి పిన్నులొచ్చి రంధ్రాల్లో దూరి ఫిలింని కదలనీయకుండా పట్టుకున్నాయి. ఆ క్షణంలోనే బొమ్మ పడాలి. మళ్ళీ పిన్నులు వెనక్కి, కొక్కెం ముందుకి. సెకనుకి ఇరవైనాలుగు సార్లు!

"పార్, ఈ రెండు పిన్నులే దొరై ప్రాణం" అన్నాడు. ఎందుకంటే ఒకసారి తీసిన ఫిలింని వెనక్కి తిప్పి మళ్ళీ తీసినా, ప్రతి బొమ్మా వెంట్రుక వాసి తేడా లేకుండా పాత చోటే వచ్చి కూర్చుంటుంది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఒకే హీరో ఇద్దరుగా కనిపించడం, మాయలూ మంత్రాలూ, ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యం రావడం, ఇవన్నీ ఈ పిన్నుల భరోసా మీదే జరిగేవి. మార్కస్ బార్ట్‌లే 'మాయాబజార్'లో పట్టిన వెన్నెల గురించీ, 'సీతారామ కళ్యాణం'లో రవికాంత్ నగాయిచ్ చేసిన ట్రిక్కుల గురించీ పెద్దలు ఇప్పటికీ కథలుగా చెబుతారు. వాళ్ళకి స్క్రీన్ మీద చూసుకుని సరిదిద్దుకునే వీలేది? ల్యాబ్‌నించి వచ్చేదాకా దేవుడికి దండం పెట్టుకోవడమే.

ఇంకో విచిత్రం వినండి. మిచెల్‌లో కెమెరామాన్ షాటు తీస్తున్నప్పుడు లెన్సులోంచి చూడలేడు! నేను నమ్మలేదు. పెద్దాయన పక్కనున్న హ్యాండిల్ తిప్పాడు. లెన్సులు ఎక్కడివక్కడే వుండగా వెనకున్న పెట్టె మొత్తం, చెవులతో సహా, జరజరా పక్కకి జరిగింది! ఇప్పుడు లెన్సు వెనక ఫిలిం లేదు. దాని చోట గరుకు అద్దం వచ్చింది. కన్ను పెట్టి చూశాను. గోడౌను తలుపూ, తలుపవతల ఎండలో నిలబెట్టిన సైకిలూ ముచ్చటగా కనిపించాయి. ఫోకస్ చూసుకుని, ఫ్రేము సరిచూసుకుని, మళ్ళీ హ్యాండిల్ తిప్పి పెట్టెని యథాస్థానానికి తెచ్చాకే 'స్టార్ట్' అనాలి. ఆ తర్వాత పక్కన తగిలించిన వ్యూఫైండర్లోంచి చూస్తూ వుండాలి. అది లెన్సు చూపు కాదు, లెన్సు పక్కవాడి చూపు. పక్కింటి కిటికీలోంచి పెళ్ళి చూసినట్టు. 1937లోనే జర్మనీలో ఆరిఫ్లెక్స్ కెమెరా వచ్చింది. షట్టర్‌కే అద్దం అతికించి, తీస్తున్నంతసేపూ లెన్సులోంచి చూసే వీలు కల్పించింది. తేలిగ్గా భుజానికెత్తుకోవచ్చు కూడా. అవుట్‌డోర్లు పెరిగేకొద్దీ మనవాళ్ళు దానికే ఓటేశారు. నన్నడిగితే, చూడకుండా తీసినవాళ్ళ ధైర్యానికి ముందు దండం పెడతాను.

ఇక వుండబట్టలేక తాతయ్య సంగతి కదిపాను.

లైట్‌బాయ్ వెనక్కి నడిచాడు అనగానే పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. "వెనక్కా? నిజంగా వెనక్కే నడిచాడా?"

"అవునండీ. తాతయ్య నడిచి చూపించేవాడు."

స్టూలు జరుపుకుని కూర్చుని, దొరగారి సాక్షిగా ఆ రాత్రి ఏం జరిగివుంటుందో చెప్పుకొచ్చాడు. డబుల్ యాక్షన్ అంటే కెమెరా స్టాండుని నేలకి బిగించేస్తారు. ఆ చుట్టుపక్కల ఎవర్నీ నడవనివ్వరు. కెమెరా లోపల పక్కలనించి జరిగే నల్ల రేకులున్నాయి. వాటితో ఫ్రేములో కుడి సగం మూసేస్తారు. ఆ గీత సరిగ్గా ఏ స్తంభం అంచునో, తలుపు చెక్క మీదో పడేట్టు సెట్టు వేయిస్తారు. హీరో ఎడం పక్క నిలబడి అన్న డైలాగులు చెబుతాడు. ఓ నూట ఇరవై అడుగుల షాటనుకోండి, అంటే ఎనభై సెకన్లు. తర్వాత ఆ నూట ఇరవై అడుగులూ కెమెరాలోనే వెనక్కి తిప్పాలి. మీటర్లో అంకె చూసుకుని, మొదటి బొమ్మ దగ్గర ఆపాలి. ఈలోగా హీరో మీసం మార్చుకుని, బట్టలు మార్చుకుని తమ్ముడై వస్తాడు. అప్పుడు ఎడం సగం మూసి, కుడి సగం తెరిచి మళ్ళీ తీస్తారు.

"వెనక్కి తిప్పేటప్పుడు కన్ను మూసెయ్యాలి తంబీ. లేకుంటే దొరై వెనక్కి నడుస్తా కూడా చూస్తాడు." ఫిలిం వెనక్కి పోతుండగా ఎదురుగా లైట్‌బాయ్ మామూలుగానే ముందుకి నడుస్తాడు. తర్వాత ఫిలిం తిన్నగా నడిపి చూస్తే వాడు వెనక్కి నడుస్తాడు! కాబట్టి తప్పు జరిగింది రివైండులోనే. అనుమానం లేదు.

కన్ను మూయడమంటే షట్టర్ మూయడం. షట్టర్ అంటే గిర్రున తిరిగే రేకు. ఫిలిం కదిలేటప్పుడు అడ్డం వస్తుంది, ఆగినప్పుడు దారిస్తుంది. దాని తెరుపు ఎంతుండాలో మార్చుకోవచ్చు. పూర్తిగా తెరిస్తే నూట డెబ్భై అయిదు డిగ్రీలు, పూర్తిగా మూస్తే సున్నా. సున్నాలో పెట్టి తిప్పితే ఫిలింకి ఏమీ కనపడదు.

"అయితే షట్టర్ మూయడం ఎవరి పని?" అడిగాను. గొంతు నాకే వింతగా వినిపించింది.

"సీనియర్ అసిస్టెంటుది. ఒక్కోసారి కెమెరామాన్ తానే చూసుకుంటాడు. కొత్తవాళ్ళని డయల్ ముట్టుకోనివ్వరు."

అమ్మయ్య అనుకున్నాను! తాతయ్య చెప్పింది అక్షరాలా నిజమే. షట్టర్ ఆయన చేతిలో లేదు. వెంటనే అమ్మకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను కూడా. కానీ పెద్దాయన ఇంకా ముగించలేదు.

"అయినా మేం షట్టర్ ఒక్కదాన్నే నమ్మం. రెండు తాళాలు. షట్టర్ సీనియర్ మూస్తాడు. లెన్సుకి క్యాపు చిన్నవాడు పెడతాడు. ఏ ఒక్కటి పడినా ఫిలిం బతుకుతుంది. రెండూ తప్పితేనే నీ లైట్‌బాయ్ లోపలికొస్తాడు."

నేను మాట్లాడలేదు. నా సంచిలో ఓ రుమాల్లో చుట్టిన వస్తువుంది. తాతయ్య పోయాక ఆయన ట్రంకుపెట్టెలో, ఇన్సూరెన్సు కాయితాల అడుగున దొరికింది. లోపల వెల్వెట్ అంటించిన నల్లటి రేకు మూత. ఏ డబ్బాదో మాకెవరికీ తెలీలేదు. మద్రాసు గుర్తు కదాని, ఈయనకి చూపించి అడుగుదామని తెచ్చాను. ఇప్పుడు అడగక్కర్లేకపోయింది. తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. లోపలి వెల్వెట్‌ని వేలితో రాశాడు. దొరగారి నాలుగు లెన్సుల్లో మొదటిదానికి పెట్టి చూస్తే వదులైంది. రెండోది యాభై మిల్లీమీటర్ల లెన్సు. 'ఠప్' మని కూర్చుంది.

కాసేపు ఇద్దరం దాన్ని చూస్తూ వుండిపోయాం. నాకు మాత్రం ఒకటే బొమ్మ కళ్ళ ముందు. ఇరవయ్యారేళ్ళ కుర్రాడు. అర్ధరాత్రి. తెల్లారితే కాల్షీట్ లేదని తొందరపెడుతున్న మేనేజరు. సెట్టు మీద భగభగమనే లైట్లు. ఎవరో 'రివైండ్' అని అరిచారు. మోటారు వెనక్కి తిరుగుతోంది. క్యాపు కుర్రాడి నిక్కరు జేబులో వుంది. బహుశా మర్నాడు థియేటర్లో లైట్‌బాయ్ వెనక్కి నడుస్తున్నప్పుడే, జేబులో చెయ్యి పెట్టి చూసుకుని వుంటాడు. యాభై ఏళ్ళు 'షట్టర్ నా చేతిలో లేదు' అన్నాడే గానీ, చేతిలో ఏముందో ఎవరికీ చెప్పలేదు. అబద్ధమూ ఆడలేదు. ఏ డబుల్ యాక్షన్ సినిమాకి తీసుకెళ్ళినా ఆయన హీరోని చూసేవాడు కాదు, సరిగ్గా తెర మధ్యలో గీత పడే చోటునే చూసేవాడు. దాన్ని పనితనం మీద మోజనుకున్నాను నేను.

"ఒక్కడినే పంపేశారా?" అడిగాడు పెద్దాయన.

"ఒక్కడినే."

"రెండు తాళాలకీ ఒక్కడినే పంపారు!" అని తల అడ్డంగా తిప్పి, తమిళంలో ఎవర్నో చిన్నగా తిట్టాడు. ఆ తిట్టు ఇక్కడ అచ్చు వేయలేం. ఆ రోజుల్లో ముడి ఫిలిం విదేశాల నించి రావాలి, కోటా మీద దొరకాలి. పాడయితే ఎవరి తలో ఒకటి ఎగరాల్సిందేనట. సీనియర్ తల కంటే చిన్నవాడి తల చవక. "నాకూ ఒకసారి అయింది. నా టైము బావుంది, లైట్లు ఆర్పేసి వున్నాయి" అన్నాడు.

అమ్మకి ఆ రాత్రి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ మూతని నేను పోపులపెట్టె మీదకి సరిపోతుందేమోనని చూశాన్రా" అంది చివరికి. ఇంకేం అనలేదు.

క్యాపు నేను వెనక్కి తెచ్చుకోలేదు. పెద్దాయన అడగలేదు, నేనూ తీయలేదు. యాభై మిల్లీమీటర్ల లెన్సుకే వుండిపోయింది. దొరగారు ఇప్పుడు సినిమాలు తీయడం లేదు, సినిమాల్లో వేషాలు వేస్తున్నారు. ఆరి వాళ్ళే 2011లో ఫిలిం కెమెరాల తయారీ ఆపేశాక ఇక ఈయన్ని అడిగేవారెవరు? అయితే 2018లో 'మహానటి' ఆడిన దగ్గర్నించీ, పాతకాలం షూటింగు చూపించే సీన్లకి గిరాకీ కాస్త పెరిగిందని పెద్దాయన మురిసిపోయాడు. లోపల ఫిలిం వుండదు, మోటారు వుండదు. ఎవరో కుర్ర నటుడు పక్కన నిలబడి వ్యూఫైండర్లో కన్ను పెడతాడు.

"ఈసారి వేషానికి పోయేటప్పుడు క్యాపుతో పంపిస్తా. 'స్టార్ట్' అనేదాకా తీయొద్దని ఆ పిల్లాడికి చెప్తా" అన్నాడు నన్ను సందు చివరిదాకా సాగనంపుతూ.

మీరెవరైనా ఏ సినిమాలోనైనా రెండు చెవుల నల్ల కెమెరాని చూస్తే, హీరోయిన్ మీంచి ఒక్క క్షణం చూపు తిప్పి లెన్సు వైపు చూడండి. క్యాపుందో లేదో నాకో కార్డు ముక్క రాయండి.